వాలు స్తంభము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు వేడుక జరుగునప్పుడు సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఈ సభా నిర్వాహకులు నన్ను మాత్రము ఇనుప గొట్టములను గూర్చియు, సిమెంటును గూర్చియు మాటలాడుమని ఆదేశించిరి. రేడియో ఏరియల్‌ను మోయుటకు ఇంటి పెరటిలో వాలు స్తంభమును ఎట్లు నిర్మించుకొనవచ్చునో చెప్పుట నాకు అప్పగింపబడిన పని. విషయము మొరటుగా తోచవచ్చును. ఐనను, సముద్రమునకు ఇంత చేరువలో బ్రతుకుచున్న మనకు ఇది అక్కరకు రాని విద్య కాదని మీకు విన్నవించుకొందును.

గ్రంథాలయమునకును, రేడియోకును బంధుత్వము కలదు. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ విజయవాడలోనే జరిగినది. అయ్యంకి వెంకట రమణయ్యగారు మొదలగు పెద్దలు ఆనాడు వేసిన విత్తనమే నేడు ఊరూర మ్రానైనది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలో పడవమీద గ్రంథాలయము నడిపించిరి. చదువరి పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే చదువరి కడకు పోవలెనన్నది వారి మతము. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ఆరంభమైన పిమ్మట, మాట కూడ అట్లే మనుష్యుని వెదుకుకొనుచు వచ్చినది. పుస్తకమును పడవ తెచ్చెను. మాటను తీగ తెచ్చెను.

ఆ దినములలో రేడియో గల ఇంటిని చూరు మీది వెదురు గడలను బట్టి గుర్తించెడివారు. రెండు గడల నడుమ రాగి తీగ, దాని నుండి కిటికీలోనికి దిగు మరియొక తీగ, గోడ ప్రక్కన తడి నేలలో పాతిన ఇనుప ఊచ: ఇదియే ఏరియల్, ఇదియే ఎర్త్. పంచాయతీ రేడియో మ్రోగుచున్నంతసేపు అరుగుల మీద జనము కూర్చుండి వార్తలు వినెడివారు. తరువాత ట్రాన్సిస్టరు వచ్చి ఏరియల్‌ను పెట్టె లోపలికి చేర్చినది. గడలు తొలగిపోయినవి. అయినచో మరల ఈ స్తంభము ఎందుకని మీరడుగవచ్చును.

ఎందుకనగా, రేడియో వినుట ఒకటి, రేడియోలో పలుకుట వేరొకటి. విజయవాడ కేంద్రము బలము గలది. అది పంపు ధ్వనిని చిన్న పెట్టె కూడ అందుకొనగలదు. మన ఊరి నుండి మనము పలుకదలచినప్పుడు బలము మన చేతిలో ఉండదు. చిన్న యంత్రము, లారీ బ్యాటరీ, ఎత్తైన తీగ, ఇవియే మన సాధనములు. యంత్రపు బలము తక్కువైనకొలది తీగ ఎత్తునకు విలువ హెచ్చును.

పలుకవలసిన అవసరము ఎప్పుడు వచ్చును? 1977 నవంబరు 19వ తేదీని తలచుకొనుడు. ఆనాటి తుపానుకు సముద్రము దివిసీమ మీదికి పొంగి, సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పల్లెలను తుడిచిపెట్టినది. పదివేలకు పైబడి జనులు మృతిచెందిరి. తంతి తీగలు తెగి, దారులు మునిగి, ఆ ప్రాంతమున ఏమి జరిగినదో బయటి లోకమునకు వెంటనే తెలియలేదు. చనిపోయినవారికి ఏ యంత్రమును తోడుపడి ఉండెడిది కాదేమో. బ్రతికి, నీటి నడుమ చిక్కి, త్రాగునీటికై ఎదురుచూచినవారి మాట వేరు. వారికి ఒక్కొక్క గడియ లెక్కలోనిదే.

అంతకు ముందు 1864లో బందరును ముంచిన ఉప్పెనను మన పెద్దల పెద్దలు కథలుగా చెప్పుకొనిరి. 1990 మేలో మరల తీవ్రమైన తుపాను కృష్ణా ముఖము చెంతనే తీరము దాటినది. ఈసారి ముందుగా హెచ్చరిక అందుటచేతను, లక్షకు పైగా జనులను తరలించుటచేతను ప్రాణనష్టము వెయ్యికి లోపే నిలిచినది. ముందు అందిన వార్త ఎంత ప్రాణరక్షకమో ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన తెలియగలదు.

ఇప్పుడు సెల్‌ఫోనులున్నవి కదా అని యువకులందురు. ఉన్నవి, మంచిదే. కాని ఫోను మాట మన చేతి నుండి నేరుగా పోవునది కాదు. నడుమ టవరు కావలెను, టవరుకు విద్యుత్తు కావలెను, విద్యుత్తు లేనిచో బ్యాటరీయో, డీజిలో కావలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు అంత పెద్ద నగరమునకే మాట తెగిపోయినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారినది. అదే సమయమున బుడమేరు విజయవాడ పేటలను ముంచినది. మేడల మీద చిక్కుకొని, కరెంటు లేక, చేతిలోని ఫోను చార్జి కోల్పోయి కూర్చున్న కుటుంబములు ఎన్నియో! నేను ఫోనులను నిందించుట లేదు. ధాన్యపు గాదె నిండుగా ఉన్నను విత్తనపు మూట వేరుగా దాచుకొనుట రైతు లక్షణమని మాత్రమే చెప్పుచున్నాను.

ఇట్టి సమయములందు తోడ్పడువారు ఔత్సాహిక రేడియో సభ్యులు. వీరినే హామ్‌లందురు. మన దేశమున ఈ వ్యాసంగము 1921లోనే మొదలైనది. హైదరాబాదులో 1983లో సూరిగారు నెలకొల్పిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తెలుగువారికి ఈ విద్యను చేరువ చేసినది. ఆ సంస్థ పంపిన బృందము ఒకటి 2004 డిసెంబరులో అండమాను దీవులలోని పోర్టుబ్లెయిరుకు రేడియో ప్రయోగములకై వెళ్ళినది. డిసెంబరు 26న సునామీ వచ్చి దీవుల టెలిఫోనులు తెగిపోగా, ఆ బృందమునందలి శ్రీమతి భారతీ ప్రసాద్ మొదలగువారు తమ ప్రయోగములను మాని, బంధువుల క్షేమ సమాచారములను ప్రధాన భూభాగమునకు చేరవేయుటకు పూనుకొనిరి. వారి యంత్రము, ఏరియల్ ముందుగానే సిద్ధమై ఉండుటచేత అది సాధ్యమైనది. ఆపద వచ్చిన పిమ్మట స్తంభమునకు గొయ్యి త్రవ్వ మొదలిడినవాడు ఎవరికిని సాయపడలేడు.

ఇక ఏరియల్‌కు ఎత్తు ఎంత కావలెనన్న ప్రశ్న. రేడియో తరంగములలో పెద్దవి, చిన్నవి కలవు. చిన్న తరంగములు, అనగా 144 మెగాహెర్ట్జ్ చేరువవి, ఇంచుమించు చూపు సాగినంత మేరకే పోవును. రెండు ఊళ్ళలో 10 మీటర్ల ఎత్తున రెండు ఏరియల్‌లు ఉన్నచో వాటి నడుమ రమారమి 26 కిలోమీటర్ల దూరము మాట సాగగలదు. మన డెల్టా చాప పరచినట్లు చదునైనది గనుక ఆ దూరమునకు కొండలు అడ్డురావు. విజయవాడ నుండి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు. అంత దూరము ఒక్క అంగలో పోదు. ఉయ్యూరులో ఒకరు, పామర్రులో ఒకరు అందుకొని అందించవలెను. వెనుకటి దినములలో కబురు నడిచిన పద్ధతియే ఇది.

పెద్ద తరంగములు, అనగా 7 మెగాహెర్ట్జ్ చేరువవి, ఆకాశమున పై పొరలను తాకి మరల భూమికి వచ్చును. వీటితో పగటివేళ హైదరాబాదు వరకును, ఆపైనను మాటలాడవచ్చును. వీటికి తీగ పొడవు లెక్క ప్రకారము ఉండవలెను. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యతో భాగించిన తరంగము పొడవు మీటర్లలో వచ్చును. 7.1కి అది 42 మీటర్లు. అందులో సగము 21. లోహపు తీగలో నూటికి అయిదు వంతులు తగ్గించిన 20 మీటర్లు. ఈ తీగను నడుమ తెగగోసి, మధ్యను స్తంభపు కొనకు కట్టి, రెండు కొసలను ఇరుప్రక్కల ఏటవాలుగా దింపి, పింగాణీ గుబ్బలతోను నైలాను త్రాడుతోను రెండు కొబ్బరిచెట్ల మొదళ్ళకు, మనిషి చేతికి అందనంత ఎత్తున కట్టవలెను. ఇల్లు కప్పినట్లు, తిరుగవేసిన వి ఆకారమున ఉండు ఈ ఏరియల్‌కు ఒకే స్తంభము చాలును. పది మీటర్ల స్తంభము దీనికి సరిపోవును.

పది మీటర్లనగా 33 అడుగులు. అంత సన్నని గొట్టము మీదికి మనిషి ఎక్కలేడు, ఎక్కరాదు. తీగ తెగినను, ముడి వదులైనను, స్తంభమే క్రిందికి రావలెను. గాలిని గూర్చిన చిక్కు ఇంతకంటె పెద్దది. రేడియో చరిత్ర ఆరంభముననే ఈ చిక్కు ఎదురైనది. 1901లో మార్కోనీ ఇంగ్లండు నైరుతి కొననున్న పోల్ధూలో 200 అడుగుల స్తంభములు ఇరువదింటిని వలయముగా నిలిపెను. ఆ సెప్టెంబరులోనే గాలివాన వానినన్నింటిని కూల్చినది. అట్లాంటికు ఆవలి ఒడ్డున, కేప్ కాడ్‌లో నిలిపిన స్తంభములు కూడ నవంబరులో కూలినవి. తుదకు డిసెంబరు 12న న్యూఫౌండ్లాండులో గాలిపటముతో తీగను పైకెత్తి, సముద్రము మీదుగా వచ్చిన సంకేతమును వింటినని ఆయన ప్రకటించెను. గాలితో పోరాడిన స్తంభములు పడిపోగా, గాలికి లోబడిన పటము పని నెరవేర్చినది.

గాలి బలపు లెక్క తెలిసికొనుట అవసరము. గంటకు 90 కిలోమీటర్ల వేగము గల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 38 కిలోల ఒత్తిడి చూపును. వేగము రెట్టింపై 180 అయినచో ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలై 150 కిలోలు దాటును. మన తీరప్రాంతమునకు భారత ప్రమాణముల సంస్థవారు కట్టడముల లెక్కలకై విధించిన గాలి వేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లే. సామాన్యమైన రెండంగుళముల గొట్టము ఊతత్రాళ్ళు లేనిదే ఆ గాలికి నిలువజాలదు. నిలుచునంతటి లావు స్తంభమును కట్టుటకు సామాన్య కుటుంబమునకు శక్తి చాలదు. కనుక గాలికి ముందే దానిని వాల్చి, గాలి తగ్గిన వెంటనే లేపుట మన మార్గము. తుపాను పోయిన మరునాడు నిలిచి ఉండునది, తుపానునాడు పండుకొన్న స్తంభమే.

ఈ ఉపాయము మనకు క్రొత్తది కాదు. వంతెన క్రింద సాగవలసిన తెరచాప పడవ కొయ్యను వాల్చుకొని పోయెడిది. ఏతపు దూలము నడిమి గుంజ మీద ఊగుచుండును. ముందు కొనకు నీటి బాన, వెనుక కొనకు మనిషియో, రాయియో. రైలు గేటు వద్ద నిలిచినప్పుడు చూడుడు: ఇరువదియైదడుగుల గడను గేటుమాను ఒక్కచేత లేపుచుండును, పొట్టి కొన వైపున ఇనుప దిమ్మ ఉండుటచేత. ఏతము, రైలు గేటు, వాలు స్తంభము, ఈ మూడును ఒకే సూత్రపు బిడ్డలు.

నేను చెప్పబోవు స్తంభము స్వరూపమిది. నేలలో పాతిన రెండు ఇనుప ఛానెళ్ళు గుంజలుగా నిలుచును. వాటి నడుమ గొట్టము, నేలకు 2.2 మీటర్ల ఎత్తున ఇరుసు బోల్టు మీద ఊగును. ఇరుసుకు పైన 8 మీటర్లు, క్రింద 2 మీటర్లు. క్రింది కొనకు తూకపు పెట్టె. స్తంభము నిటారుగా నిలిచినప్పుడు అడుగుభాగమున రెండవ బోల్టు దూర్చిన చాలును, అది కదలదు.

కావలసిన సరుకు మన పట్టణపు ఇనుప దుకాణములలో దొరకునదే. రెండంగుళముల గాల్వనైజుడు గొట్టము ఒక నిడివి, 6 మీటర్లు. ఒకటిన్నర అంగుళముల గొట్టము 5 మీటర్లు. రెండును మీడియం తరగతివి కావలెను, పలుచని రకము పనికిరాదు. సన్న గొట్టమును లావు గొట్టములోనికి ఒక మీటరు దూర్చి, సందులో రేకు చుట్టి, రెండు బోల్టులతో బిగించవలెను. అప్పుడు మొత్తము పొడవు 10 మీటర్లగును. ఛానెళ్ళు 100 మిల్లీమీటర్ల వెడల్పువి, ఒక్కొక్కటి 3.7 మీటర్లు, రెండు. ఇరుసు బోల్టు 20 మిల్లీమీటర్ల లావుది. గొట్టమునకు ఊరక రంధ్రము పొడిచినచో అచ్చటనే బలహీనమగును గనుక, ఇరుసు వచ్చు చోట ఇరుప్రక్కల 10 మిల్లీమీటర్ల మందపు పలకలు వెల్డు చేయించి, లోపల ఒకటిన్నర అంగుళముల గొట్టము ముక్క ఒక మీటరు పొడవున దూర్పించవలెను. పలకలతో కలిపి గొట్టము 80 మిల్లీమీటర్లగును. ఛానెళ్ళ నడుమ 85 మిల్లీమీటర్ల ఎడము ఉంచిన సరిపోవును.

పునాది మాట శ్రద్ధగా వినుడు. మన నల్లరేగడి వానకు ఉబ్బును, వేసవికి నెఱ్ఱెలు విచ్చును. పైపైన పాతిన గుంజ రెండేండ్లలో ఒరిగిపోవును. అందుచేత గొయ్యి 75 సెంటీమీటర్ల చదరము, ఒకటిన్నర మీటరు లోతు ఉండవలెను. ఛానెళ్ళు 1.4 మీటర్ల మేర లోపలికి దిగి, తూకపుగుండుతో సరిచూడబడిన పిమ్మట, ఒకటికి రెండు, నాలుగు పాళ్ళ కాంక్రీటు పోయవలెను. రెండు ఛానెళ్ళను తాత్కాలికముగా ఒక చెక్క దిమ్మతో బిగించి ఉంచినచో ఎడము మారదు. సముద్రతీర గ్రామములలో ఉప్పునీటితో కాంక్రీటు కలుపరాదు. లోపలి ఇనుమును అది కొరికివేయును. మూడు వారములు నీరు పట్టి, అటు తరువాతనే గొట్టము ఎక్కించవలెను. ఈ దిమ్మ బరువు రెండు టన్నులకు తక్కువ ఉండదు. వరద వచ్చి నేల మునిగినప్పుడు నీరు దానిని పైకెత్తుట వలన ఆ బరువులో పదింట నాలుగు పాళ్ళు తగ్గును. లోతు తగ్గించి సిమెంటు మిగుల్చుకొందమనువారు ఈ సంగతి మరువరాదు.

ఇక తూకపు పెట్టె. ఇరుసు నుండి ఎంత దూరమున ఎంత బరువున్నదో, ఆ రెంటిని గుణించగా వచ్చిన సంఖ్యను తూగు అని పిలుచుకొందము. రెండంగుళముల గొట్టము మీటరుకు 5 కిలోలు, ఒకటిన్నర అంగుళములది 3.5 కిలోలు. ఇరుసుకు పైన లావు గొట్టము 4 మీటర్లు, 20 కిలోలు, దాని నడిమి దూరము 2 మీటర్లు, తూగు 40. సన్న గొట్టము పదిహేడున్నర కిలోలు, నడిమి దూరము అయిదున్నర మీటర్లు, తూగు 96. కొనను కప్పీ, తీగ, కేబులు కలిసి 2 కిలోలు, 8 మీటర్ల దూరమున, తూగు 16. మొత్తము 152. క్రింది వైపు గొట్టపు తూగు 10 మాత్రమే. పెట్టె లేనిచో 142 తూగు మిగులును. క్రింది కొనను పట్టి లాగువాడు 71 కిలోల బలము చూపవలెను. అది ప్రమాదకరము.

ఇప్పుడు 25, 30, 50 సెంటీమీటర్ల కొలతల ఇనుప పెట్టెలో ఇసుక నింపి, పెట్టెతో కలిసి 60 కిలోలు ఉండునట్లు చూచి, స్తంభము వాలు దిక్కునకు వెనుక ప్రక్కన, ఇరుసుకు ఒకటి ముప్పాతిక మీటరు దిగువన బిగింతుము. దాని తూగు 105. అప్పుడు తేడా 37. లాగవలసిన బలము 18, 19 కిలోలు. నూతిలో నిండు బక్కెట తోడగల ఎవరికైనను ఇది సాధ్యము. పూర్తిగా సరితూచవచ్చును కదా అందురేమో. కొనవైపు కొంత మొగ్గు ఉంచుటయే మేలు. అప్పుడు స్తంభము త్రాటికి ఎల్లప్పుడు ఒకే దిక్కున బరువై, వెనుకకు ముందుకు ఊగక, చెప్పినట్లు వినును. పెట్టెకు మూత గట్టిగా బిగించవలెను. లేనిచో వాలినప్పుడు ఇసుక ఒలికి తూకము తప్పును. వాననీరు చొరకుండ తారు పూయుట మంచిది. తడిసిన ఇసుక బరువెక్కును.

మరియొక సూక్ష్మము కలదు. నిలిచిన గొట్టపు బరువు తిన్నగా క్రిందికి పోవును. వాలిన గొట్టములో అదే బరువు వంచు శక్తిగా మారి, అంతయు ఇరుసు చోటనే కూడును. లోపలి ముక్క లేని గొట్టము ఆ స్థితిలో తన సత్తువలో ముప్పాతిక వరకు వ్యయము చేయుచుండును. కుదుపు తగిలినచో వంగిపోవును. అందుచేతనే పైన చెప్పిన లోపలి ముక్కను మానరాదు. స్తంభమును గబాలున వదలరాదు. వాలినదానిని గాలిలో వ్రేలాడనీయక, ఇరుసుకు 6 మీటర్ల దూరమున నిలిపిన కత్తెర కొయ్యల మీద ఆనించవలెను. వాలిన స్తంభమును పిల్లలు ఉయ్యాలగా ఊగుటకు పట్టుకొనకుండ తల్లులు చూడవలెను.

వాల్చుటకు ఇరువురు కావలెను. ముందుగా తీగ కొసల త్రాళ్ళు విప్పవలెను. క్రింది కొనకు కట్టిన త్రాడును గుంజల మొదటనున్న కప్పీ గుండ తెచ్చి, గూటమునకు రెండు చుట్లు చుట్టి ఒకరు పట్టుకొందురు. ఆ పిమ్మటనే అడుగు బోల్టు తీయవలెను. రెండవవారు ముందువైపు త్రాటిని మెల్లగా లాగుదురు. గూటము వద్దనున్నవారు కొంచెము కొంచెముగా వదలుదురు. లేపునప్పుడు ఈ వరుస తిరుగబడును: లేపి, అడుగు బోల్టు దూర్చి, మరబిగించి, ఆ తరువాతనే గూటపు త్రాడు విప్పవలెను. స్తంభము వాలు దారిలో ఎవరును నిలువరాదు. ఈ పనికి పది నిముషములు చాలును. బంగాళాఖాతపు తుపానులు ఏప్రిల్ నుండి జూన్ వరకును, అక్టోబరు నుండి డిసెంబరు వరకును హెచ్చు. కనుక ఏటా మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి స్తంభమును దింపి, ఇరుసుకు గ్రీజు పెట్టి, తుప్పు గీకి రంగు వేసి, త్రాళ్ళు మార్చవలెను. ఉప్పుగాలి తగులు ఊళ్ళలో వెల్డు చేసిన చోట్ల తుప్పు ముందుగా పట్టును. అచ్చట జింకు రంగు రెండు పూతలు వేయించుట అవసరము.

ప్రమాదములను గూర్చి నొక్కి చెప్పవలసి ఉన్నది. ఇనుప గొట్టము విద్యుత్తు తీగను తాకినచో పట్టుకొన్న వారందరును ఒక్కమారు మరణింతురు. స్తంభము పొడవు 10 మీటర్లయినచో, ఏ దిక్కున చూచినను 15 మీటర్ల లోపల కరెంటు తీగ ఉండరాదు. అంత చోటు లేనివారు ఈ స్తంభము కట్టకుండుటయే మేలు. వారు మేడమీద వెదురు గడతోనో, చిన్న ఏరియల్‌తోనో తృప్తిపడవలెను. రెండవది పిడుగు. స్తంభపు అడుగును మందమైన రాగి పట్టీతో, రెండున్నర మీటర్ల లోతున పాతిన ఎర్త్ గొట్టమునకు కలుపవలెను. మన నేలలో చెమ్మ ఉండుట ఇందుకు అనుకూలము. ఉరుములు వినబడినప్పుడు యంత్రము నుండి కేబులు విప్పి ఇంటి బయటకు వేయవలెను. గన్నవరము విమానాశ్రయపు చుట్టుప్రక్కల గ్రామములవారు ఎత్తైనది ఏది నిలుపుటకైనను ముందుగా నియమములు విచారించుకొనవలెను.

వినుటకు ఇప్పుడు లైసెన్సు అక్కరలేదు. వెనుకటివలె పోస్టాఫీసులో రేడియో రుసుము చెల్లించు పద్ధతి 1980 తరువాతి ఏండ్లలో తొలగిపోయినది. పలుకుటకు మాత్రము కేంద్ర ప్రభుత్వపు అనుమతి తప్పనిసరి. రేడియో శాస్త్రమునందును, నియమములందును పరీక్ష ఉండును. పండ్రెండేండ్లు నిండిన బాలుర నుండి, బాలికల నుండి వృద్ధుల వరకు ఎవరైనను వ్రాయవచ్చును. ఉత్తీర్ణులైనవారికి వి.యు. అను అక్షరములతో మొదలగు పిలుపు గుర్తు లభించును. ఆ గుర్తు లోకమంతటిలో మరెవరికిని ఉండదు. ఆ మాటలలో వ్యాపారము, రాజకీయము పనికిరావు. అనుమతి లేక పలుకుట నేరము. ఆపత్కాలమున ఇతరుల పనికి అది విఘ్నము కూడను.

ఇంతకును నేను మిమ్ము కోరునది స్వల్పము. స్తంభమొక్కటే నిలిపిన ప్రయోజనము లేదు. దాని క్రింద కూర్చుండి, నిదానముగా, తప్పులేకుండ, విన్నది విన్నట్లు వ్రాసికొని పలుకగల ఇద్దరు ముగ్గురు కావలెను. తుపానువేళ “మా ఊరిలో అందరు చచ్చిపోవుచున్నారు” అని కేకవేయుట వార్త కాదు. “ఫలానా చెరువుగట్టు మీద నూటయిరువది మంది ఉన్నారు, వారిలో పసిబిడ్డలు తొమ్మిదిమంది, త్రాగునీరు లేదు, ఉత్తరపు బాట తెరచి ఉన్నది” అని చెప్పుట వార్త. అట్లు చూచుట, లెక్కించుట, వ్రాయుట, చదివి వినిపించుట చదువు నేర్పు గుణములు. ఆ చదువు ఈ గ్రంథాలయములో దొరకును. కనుక ఈ పనికి గ్రంథాలయమే తగిన చోటు అని నా విశ్వాసము.

గ్రంథాలయమువారు రేడియో శాస్త్రమునకు సంబంధించిన పుస్తకములు కొన్ని తెప్పించి ఒక బీరువాలో వేరుగా ఉంచవలెను. ఆదివారములందు యువతీయువకులకు పరీక్ష పాఠములు చెప్పు ఏర్పాటు చేయవలెను. కనీసము ఇద్దరు ఉత్తీర్ణులైన నాడు, కరెంటు తీగలకు దూరముగా నున్న ఏ సభ్యుని పెరటిలోనైనను స్తంభము నిలుపుకొందము. వెల్డింగు చేయువారు మన ఊరిలో ఉన్నారు. ఇసుక మన కృష్ణమ్మ ఇచ్చును. గొయ్యి త్రవ్వుటకు రైతు చేతులున్నవి. కొనవలసినవి గొట్టములు, ఛానెళ్ళు, సిమెంటు, బోల్టులు. రేడియో యంత్రము మాత్రము ఖరీదైనది. అది పదిమంది చేరి చేయవలసిన పని.

స్తంభము నిలిచిన పిమ్మట చాలకాలము దానికి ఆపద పని పడకపోవచ్చును. పడకుండుటయే మనము కోరవలసినది. ఆ నడిమి దినములలో అది ఊరక నిలువదు. సాయంకాలము పిల్లలు దాని క్రింద చేరి, దూరదేశమున తమవంటి వారితో పలుకరించుకొని, ఆ ఊరు ఎక్కడనో పటములో వెదకుకొందురు. భూగోళము, భాష, గణితము ఆటగా వచ్చును. తుపాను హెచ్చరిక వచ్చిననాడు ఆ పిల్లలే వచ్చి స్తంభమును వాల్తురు. ఆ అలవాటు ముందుగా చేతికి వచ్చి ఉండవలెను.

స్తంభపు కొలతలు వ్రాసిన కాగితము గ్రంథపాలకునికి అప్పగించితిని. కోరినవారు వచ్చి చూచుకొనవచ్చును. సందేహములున్నవారు సభానంతరము అడిగిన చెప్పుటకు సిద్ధముగా ఉన్నాను.